చెవిలో తైలం పోస్తూ పోగొట్టుకున్న మూడేళ్ళు

చూపు మందగిస్తే అద్దాలు పెట్టుకోవడానికి మనలో ఎవరూ సిగ్గుపడరు. వినికిడి తగ్గినప్పుడు మాత్రం ఏళ్ళ తరబడి దాచుకుంటారు. ఇతరుల మాట ఎందుకు, ముప్పైయేళ్ళుగా వైద్యవృత్తిలో ఉన్న నేనే ఆ పని చేశాను.

అరవయ్యో ఏట నాకు మాటలు వినబడేవి గాని, ‘కాలు’ అన్నారో ‘పాలు’ అన్నారో తెలిసేది కాదు. వాతదోషమని నిర్ణయించుకుని బిల్వతైలంతో కర్ణపూరణం ఆరంభించాను. చెవికి హాయిగానే ఉండేది. వినికిడి మాత్రం పెరగలేదు. అలా మూడేళ్ళు గడిచాయి.

ఒకనాడు మలబద్ధకమని వచ్చిన ఒక ఇల్లాలు చివరలో తగ్గుస్వరంతో ఏదో అన్నది. వినబడకపోయినా విన్నట్లు తల ఊపి, విరేచనౌషధం వ్రాశాను. పక్కగదిలో మందులు పొట్లాలు కట్టే నా భార్య ఆ చీటీతో తిరిగివచ్చి, “ఏమండీ, ఆవిడకు మూడో నెలట. మీతో చెప్పానంటోంది” అన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వార్ధక్యంలో వచ్చిన బాధిర్యం, చిరకాలంగా ఉన్న బాధిర్యం చికిత్సకు లొంగవని మన పూర్వులే చెప్పారు. ఆ మాట నాకు కంఠస్థం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు భాగంలో ధ్వనిని గ్రహించే సూక్ష్మకణాలు పుట్టుకతో సుమారు 15,000 ఉంటాయి. నశించినవి తిరిగి మొలవవు. మనం పోసే తైలం కర్ణభేరి వద్దనే ఆగిపోతుంది. గులిమిని మెత్తబరుస్తుంది, అంతే. చీము కారే చెవిలో, భేరికి రంధ్రమున్న చెవిలో అది కూడా పోయరాదు. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోతే గృహవైద్యం పేరిట ఒక్కరోజు కూడా ఆగక ఆసుపత్రికి వెళ్ళవలసినదే.

చెవి వైద్యునికి చూపించుకుని, వినికిడి పరీక్ష చేయించుకున్నాను. సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల ఈ పరీక్ష చేస్తారు. ఏ స్థాయి ధ్వని ఎంత తగ్గిందో చూపే ఆ పటాన్ని బట్టి యంత్రాన్ని సరిచేయాలి. పరీక్ష లేకుండా అమ్మే చౌక యంత్రాలు అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచుతాయి. వాటిని కొనడం పరుల కళ్ళద్దాలు పెట్టుకోవడమే.

ఎవరికీ కనబడకుండా చెవి లోపల ఇమిడే చిన్న యంత్రం కావాలని పట్టుబట్టాను. దాని బ్యాటరీ నా వ్రేళ్ళకు చిక్కలేదు! చివరకు చెవి వెనుక పెట్టుకునేదే, రెండు చెవులకూ తీసుకున్నాను.

మొదటి రోజు కంచాల చప్పుడు, కుక్కరు కూత, పత్రిక మడత గలగల అన్నీ మీద పడ్డాయి. నా గొంతు బిందెలోంచి మాట్లాడినట్లు వినిపించింది. తీసి సొరుగులో పడవేశాను. నాలుగు రోజులు చూసి నా భార్య, “కొత్త అద్దాలతో మెట్లు దిగలేక అవస్థపడ్డారే, పారేశారా?” అన్నది. జవాబు లేకపోయింది. దినానికి రెండు గంటలు, ఆమె ఒక్కతెతో సంభాషణ. పిదప టెలివిజన్ వార్తలు. ఆ పిదప వీధి. నడుమ రెండుసార్లు వెళ్ళి సరిచేయించుకున్నాను. రెండు నెలలకు అలవాటైంది. పెళ్ళిపందిట్లో ఇప్పటికీ కష్టమే. ఇంటివారు వంటగదిలోంచి కేకలు వేయడం మాని, ఎదుటికి వచ్చి నెమ్మదిగా మాట్లాడితే యంత్రం చేయలేని పని సగం జరుగుతుంది.

స్నానానికీ తలంటుకీ ముందు దానిని తీసి పెడతాను. తైలమూ తేమా దానికి శత్రువులు. ఇప్పుడు రోగి చెప్పినదంతా తిరిగి నేనే చెప్పి, అవుననిపించుకున్నాకనే చీటీ వ్రాస్తున్నాను.