గిరాకీ తగ్గిన బజారులో మన దుకాణం

పెళ్లిళ్ల నెల. లాడ్ బజారులో మధ్యాహ్నం రెండు గంటలవేళ కాలు పెట్టడానికి చోటు ఉండరాదు. కాని ఈసారి మేము వెళ్లినప్పుడు గాజుల దుకాణదారులు గద్దెలమీద కూర్చుని దారినపోయేవారిని లెక్కపెడుతున్నారు. చూసి వెళ్లేవారున్నారు, బేరమాడి వెళ్లేవారున్నారు, కొనేవారు మాత్రం పలచబడ్డారు. కర్నూలునుండి, గుంటూరునుండి, నిజామాబాదునుండి మాకు వస్తున్న ఉత్తరాలలోనూ ఇదే మాట. కుట్టుమిషను దుకాణంలో పని సగమైందని ఒకరు, బేకరీలో సాయంత్రానికి సరుకు మిగిలిపోతున్నదని మరొకరు రాశారు.

దీన్ని వ్యాపారుల సొంత గోడుగా తీసిపారేయడానికి వీలులేదు. మన సమాజంలో పనిచేసేవారిలో దాదాపు 61 శాతం స్వయం ఉపాధిమీద ఆధారపడినవారని, హిందువులలో ఇది 55 శాతమని 2006లో సచార్ కమిటీ తేల్చి చెప్పింది. ఇందులో గొప్పగా చెప్పుకోవలసిందేమీ లేదు. ప్రభుత్వ కొలువుల్లో, పెద్ద సంస్థల్లో తలుపులు తెరుచుకోనందువల్ల మన తండ్రులు తోపుడుబండి పట్టారు, రంపం పట్టారు, కత్తెర పట్టారు. నెల జీతం, భవిష్యనిధి లేని ఇంట్లో రెండు నెలల గిరాకీ తగ్గితే ముందుగా ఆగిపోయేది ఆడపిల్ల చదువు. 2016 నవంబరు 8న నోట్ల రద్దు, 2017 జులైలో జీఎస్టీ, 2020 మార్చిలో లాక్‌డౌన్ ఒకదాని వెనుక ఒకటి వచ్చి చిన్న వ్యాపారి మూలధనాన్ని కొరుక్కు తిన్నాయి. అప్పుడు కుదువపెట్టిన నగలు ఇంకా విడిపించుకోని ఇళ్లు మాకు తెలుసు.

ఇటువంటి రోజుల్లో వ్యాపారి మొట్టమొదట చేసే పని ధర తగ్గించడం. అది సహజమే, కాని చాలా సందర్భాలలో అదే అతన్ని ముంచుతున్నది. 80 రూపాయలు పడిన సరుకును 100కి అమ్మేవానికి మిగిలేది 20. పది రూపాయలు తగ్గించాడంటే మిగిలేది పదే. అంటే నిన్నటి సంపాదన నిలబెట్టుకోవాలంటే రెట్టింపు సరుకు అమ్మాలి. కొనేవారే తగ్గిన బజారులో రెట్టింపు సరుకు ఎక్కడ పోతుంది? పక్క దుకాణంవాడూ మరునాడు పది తగ్గిస్తాడు. వారం తిరిగేసరికి ఇద్దరూ పోగొట్టుకుంటారు, లాభపడేది బేరమాడేవాడు ఒక్కడే.

ధర తగ్గించలేనివాడు నాణ్యత తగ్గిస్తాడు. ఇది మరింత ప్రమాదకరం. మదీనా బజారులో ధాన్యపు రాశిలోకి దైవప్రవక్త (స) చేయి పోనిచ్చినప్పుడు లోపల తడి తగిలిన సంఘటన మన పిల్లలకు కూడా తెలుసు. వాన పడిందన్నాడు అమ్మేవాడు. తడిసిన గింజలు జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు తమవాడు కాడని ప్రకటించారు. మనం ఈ హదీసును నీతికథగా చెప్పుకొని ఊరుకుంటున్నాము. దానిలో వ్యాపార సూత్రం కూడా ఉంది. లోపాన్ని తానే చూపించి, దానికి తగిన ధర చెప్పే దుకాణానికి కొనేవాడు మళ్లీ వస్తాడు. మాంద్యంలో కొత్త గిరాకీని వెతకడంకంటే పాతవారిని నిలుపుకోవడం చవక. ఒట్లు వేసి సరుకు అమ్మే అలవాటు బరకత్‌ను తుడిచిపెడుతుందన్న హెచ్చరిక కూడా ఈ సందర్భంలోనే గుర్తు చేసుకోదగినది. మన బజార్లలో అల్లాహ్ పేరు మీద పడే ఒట్లు, ఆ ధరలు రెండూ ఒకే వేగంతో మారిపోవడం మాకు మొదటినుండీ బాధ కలిగించే విషయం.

ఇక మూడో తప్పు మౌనం. ఖర్చు తగ్గించాలని బోర్డు దీపం ఆర్పేస్తారు, కరపత్రం మానేస్తారు, తెలిసినవారికి చెప్పుకోవడం చిన్నతనమనుకుంటారు. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కానుండి మదీనాకు చేతిలో ఏమీ లేకుండా వచ్చారు. అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన ఆశీర్వదించి, బజారు ఎక్కడో చూపమన్నారు. జున్ను, నెయ్యి అమ్మడంతో మొదలుపెట్టారు. సగం ఆస్తిని వదులుకొని బజారుకు దారి అడిగినవారిని ఆదర్శమని చెప్పుకునే మనం, మన సరుకేమిటో పదిమందికి చెప్పడానికి సిగ్గుపడటం వింతగా ఉంది.

చెప్పడానికి మన దగ్గర ఏముందని అడిగేవారికి ఆ లాడ్ బజారే జవాబు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. లక్కను నిప్పులమీద మెత్తపరచి, సాగదీసి, వలయంగా చుట్టి, అద్దాలూ రాళ్లూ చేతితో ఒక్కొక్కటే పొదుగుతారు. ఈ పొదిగే పని అధికభాగం పాతబస్తీ ఇళ్లలో ఆడవారు చేస్తారు. కాని కొనడానికి వచ్చిన అమ్మాయికి లక్క గాజుకూ, దాని పక్కనే మెరుస్తున్న లోహపు గాజుకూ తేడా ఎవరూ చెప్పరు. చెప్పనప్పుడు ఆమె చవకదే కొంటుంది, అందులో ఆమె తప్పులేదు. గుర్తింపు పత్రం గోడకు వేలాడదీస్తే సరుకు అమ్ముడుపోదు. దుకాణం ముందు ఒక చిన్న బొగ్గుల కుంపటి పెట్టి, ఒక కారిగరును కూర్చోబెట్టి, గాజు తయారవుతుండగా చూపించిన చోట జనం ఆగడం మేము కళ్లారా చూశాము. ఆగినవారందరూ కొనకపోవచ్చు. కాని ధర ఎందుకంత అన్న ప్రశ్న వారు మళ్లీ అడగరు.

గాజుల వ్యాపారి రంజాన్‌కోసం మాత్రమే కాచుకుని కూర్చోవడం కూడా పొరపాటే. శ్రావణమాసంలో తెలుగు ఇళ్లలో గాజులు వేయించుకోని ఆడపడుచు ఉండదు. ఊరూరా మలారం మోసుకుని తిరిగి, పెద్దింటి అరుగుమీద కూర్చుని, ‘అమ్మా, చేయి ఇయ్యి’ అంటూ గాజులు తొడిగిన ముస్లిములు నిన్నమొన్నటివరకూ ఎన్నో ఊళ్లలో కనిపించేవారు. ఆ చేతుల మధ్య ఉన్న నమ్మకమే మన మూలధనం. హలీం సంగతీ అంతే. రంజాన్ సాయంత్రాలలో ఆ వంటకానికి బారులు తీరేవారిలో రోజా ఉన్నవారెందరో, లేనివారెందరో లెక్క తీయలేము. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చేనాటికే అది హైదరాబాదు మొత్తానిది అయిపోయింది.

దూది ఏకే నూర్‌బాషా సోదరుల కథ ఇంత తీయగా లేదు. ఫోము పరుపులు వచ్చి వారి విల్లును మూలన పెట్టించాయి. అయినా పాత దూది పరుపును పారవేయలేక, బాగుచేసేవాడు దొరకక ఇబ్బందిపడే ఇళ్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నాయి. చేతిలో డబ్బు ఆడని రోజుల్లో జనం కొత్తది కొనడం మాని పాతది బాగుచేయించుకుంటారు. కాబట్టి దర్జీకి, గడియారాల మెకానిక్‌కు, కుర్చీలు అల్లేవానికి, పరుపులవానికి మాంద్యం ఒక రకంగా పని తెచ్చే కాలం. ఆ పని తాను చేస్తానని నాలుగు వీధులకు తెలిసి ఉండాలి, అంతే.

తెలియజేయడానికి వేలు ఖర్చు చేయనవసరం లేదు. బోర్డుమీద ఉర్దూతో పాటు తెలుగు పెద్ద అక్షరాలలో ఉండాలి. ఫోన్ పటంలో దుకాణం పేరు, తెరిచే వేళలు నమోదు చేసుకోవడం ఉచితం. జుమా నమాజు వేళ మూసి ఉంటే ఆ మాట కూడా రాయండి, వచ్చి తిరిగిపోయినవాడు మళ్లీ రాడు. ఒక నోటుపుస్తకంలో కొన్నవారి పేరు, ఫోన్ నంబరు, కొన్న సరుకు రాసుకుని, వారికి పనికివచ్చే సరుకు వచ్చినప్పుడు మాత్రమే వాట్సాప్‌లో ఒక ఫొటో పంపండి. రోజూ ఉదయం పూలబొమ్మలు పంపేవారి నంబరును ఎవరైనా మూసేస్తారు. జీఎస్టీ నమోదు లేని చిన్న వ్యాపారి కూడా తన రాష్ట్రంలోపల ఆన్‌లైన్ వేదికలద్వారా సరుకు అమ్ముకునే వీలు 2023 అక్టోబరునుండి ఉంది. ఇంట్లో చదువుకున్న పిల్లలున్నారు, ఈ పని వారికి అప్పగించండి.

అప్పుల సంగతి చెప్పకపోతే ఈ మాటలన్నీ వృథా. దివ్యఖుర్‌ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు, అల్ బఖరా 282, అప్పును రాసుకోవడం గురించినదే. మన దుకాణాలలో ఖాతా మాత్రం నోటిమాటమీద నడుస్తున్నది. ఇవ్వవలసినవారిలో పేదలు తక్కువ. పేదవాడు పదీ ఇరవై చొప్పున తీరుస్తూనే ఉంటాడు. వలీమాకు లక్షలు ఖర్చు చేసి, షేర్వానీ కుట్టిన దర్జీకి, డేగ్‌లు దించిన వంటవానికి మూడు నెలలు తిప్పేవారు మనలోనే ఉన్నారు, మసీదులో మొదటి వరుసలోనూ కనిపిస్తారు. పెద్ద మాల్‌లో బిల్లు చూసి నోరు మెదపనివారు మొహల్లా దుకాణంలో యాభై రూపాయలకు గంట బేరమాడతారు. సముదాయ వ్యాపారాన్ని బతికించాలని సభల్లో ప్రసంగించే ముందు తమ పాత బాకీలు చూసుకోమని అటువంటి పెద్దలకు మా విన్నపం.

ఇప్పుడు అందరూ గొంతు తగ్గించి అడుగుతున్న ప్రశ్నకు వద్దాము. దుకాణంమీద మన పేరు ఉంచాలా, తీసేయాలా? 2020 వేసవిలో వ్యాధిని మతానికి అంటగట్టి కూరగాయలవారిని వీధుల్లోకి రానివ్వని రోజులు చూశాము. 2022లో కర్ణాటకలో ఆలయ జాతరలనుండి ముస్లిం చిరువ్యాపారులను వెళ్లగొట్టారు. మన శ్రీశైలంలోనే అన్యమతస్థులైన దుకాణదారులను వేలంనుండి తప్పించబోతే, మతం కారణంగా ఎవరినీ మినహాయించరాదని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. కాంవడ్ యాత్ర దారిలో యజమానులు పేర్లు ప్రదర్శించి తీరాలన్న ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్ అధికారుల ఉత్తర్వులను 2024 జులై 22న అదే న్యాయస్థానం నిలిపివేసింది. అమ్మే ఆహారం ఏ రకమో చెబితే చాలునని, పేరు చెప్పమని బలవంతపెట్టరాదని పేర్కొన్నది.

పేరు ప్రదర్శించమని బలవంతపెట్టరాదన్న హక్కు, ఇష్టపడి పేరు రాసుకునే హక్కు రెండూ ఒకటే. పేరు మార్చి అమ్మడం మాకు సమ్మతం కాదు. ఒకనాడు బయటపడినప్పుడు, మోసం లేనిచోట కూడా మోసమనిపించుకోవలసి వస్తుంది. అయితే కార్యాలయంలో కూర్చుని ఈ మాట రాయడం సులభమని మాకు తెలుసు. బండి బోల్తాకొట్టించుకున్నవాడు, పిల్లలకు అన్నం పెట్టడానికి బోర్డుమీద ‘శ్రీ’ చేర్చుకున్నవాడు మా తీర్పుకోసం ఎదురుచూడటం లేదు. అతన్ని నిందించే హక్కు మాకు లేదు. అతనికి అండగా ఎవరు నిలబడ్డారన్నదే మేము అడిగేది. అండ అన్నప్పుడు మనవారే కాదు, అదే వీధిలోని హిందూ వ్యాపారులు, ఖాతాదారులు కూడా. బహిష్కరణకు ప్రతిగా మనవారి వద్దనే కొనాలన్న పిలుపును మేము ఆమోదించము. జనాభాలో కొద్దిమందిమైన మనకు అది లెక్కల్లోనూ నష్టమే, ధర్మంలోనూ నష్టమే.

చట్టం ఇచ్చిన రక్షణను వాడుకోకపోవడం మరో నిర్లక్ష్యం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. తొలగించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుంటే జాబితా ఇవ్వాలి. పాడైపోయే సరుకును అడిగిన రోజునే, మిగతాదాన్ని రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. పట్టణ వీధి వ్యాపార కమిటీలో కనీసం 40 శాతం స్థానాలు వ్యాపారులవే, వాటిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని కూడా చట్టమే చెబుతున్నది. మీ మునిసిపాలిటీలో ఆ కమిటీ ఉన్నదా, అందులో మనవారెవరు? ఈ ప్రశ్నను కార్యకర్తలు లిఖితపూర్వకంగా వేయాలి. గాజులు, దుస్తులు తయారుచేసి పెద్ద దుకాణాలకు వేసేవారు ఉద్యం నమోదు చేయించుకుంటే, లిఖిత ఒప్పందం ఉన్నచోట 45 రోజుల్లోపల, లేనిచోట 15 రోజుల్లోపల డబ్బు రాబట్టుకునే హక్కు లభిస్తుంది. ఆ నమోదుకు రుసుము లేదు. వందలు గుంజే దళారీని నమ్మకండి.

పెట్టుబడి విషయంలో మన బస్తీలను కొన్ని బ్యాంకులు ప్రతికూల ప్రాంతాలుగా గుర్తిస్తున్నాయని సచార్ కమిటీయే రాసింది. వడ్డీ అంశం ప్రతి కుటుంబం తన అంతరాత్మతో, ఉలమాలతో తేల్చుకోవలసినది, మేము ఫత్వాలు ఇవ్వము. కాని వడ్డీలేని అప్పు కావాలనే మొహల్లాలో ఖర్జె హసనా నిధి ఎందుకు లేదు? జకాత్‌లో కొంత భాగాన్ని రేషన్ సంచులకు బదులు అర్హుడైన పేదవానికి కుట్టుమిషనుగానో, తోపుడుబండిగానో ఇస్తే మరుసటి ఏడు అతను తీసుకునేవారి వరుసలో ఉండకపోవచ్చు. నిధి పెట్టేవారు లెక్కలు ప్రతినెలా మసీదు నోటీసుబోర్డుమీద పెట్టాలి. హలాల్ పేరుతో పెద్ద లాభాల ఆశ చూపి 2018, 2019 సంవత్సరాలలో కూలిపోయిన సంస్థలలో వితంతువుల సొమ్ము కూడా పోయింది. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉంది.

వచ్చే సంచికనుండి ఈ పత్రికలో ఒక పుటను చిన్న వ్యాపారులకు ఉచితంగా ఇస్తున్నాము. దుకాణం పేరు, ఊరు, వీధి, అమ్మే సరుకు లేదా చేసే పని, ధర, తెరిచే వేళలు ఒక పోస్టుకార్డుమీద రాసి పంపండి. ఇంటిదగ్గర రాళ్లు పొదిగే, బట్టలు కుట్టే సోదరీమణులు తమ పేరుతోనే పంపవచ్చు. వచ్చిన వరుసలోనే వేస్తాము. ‘అందరికంటే చవక’ అన్న మాటను మాత్రం కొట్టివేస్తాము.