తీరువా కట్టాం, డ్రెయిన్ ఏది?

సార్వా నాట్లు మునిగిన ప్రతిసారీ మన మండలంలో వినబడేది ఒకే మాట: డ్రెయిన్లు నీరు లాగడం లేదు. కూనవరం, వాసాలతిప్ప డ్రెయిన్ల మొగల్లో ఇసుక మేట వేసి, పైన గుర్రపు డెక్క కమ్మేస్తే వాన నీరు ఎక్కడికి పోతుంది? చేలోనే నిలబడుతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వాకు పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు అడిగింది ఇదే. 2022లోనూ ఇదే అడిగారు.

మరి మనం కట్టే తీరువా ఏమవుతోంది? 1996లో ప్రభుత్వం నీటి తీరువాను మూడు రెట్లకు పైగా పెంచి, సార్వా వరికి ఎకరాకు 200 రూపాయలు చేసింది. మరుసటి ఏడాది నీటి సంఘాల చట్టం తెచ్చింది. పెద్ద ప్రాజెక్టుల కింద వసూలైన దానిలో సగం నీటి సంఘానికి, ఐదో వంతు డిస్ట్రిబ్యూటరీ కమిటీకి, మరో ఐదో వంతు ప్రాజెక్టు కమిటీకి, పదో వంతు గ్రామ పంచాయతీకి అని వాటాలు వేశారు. అంటే వెయ్యి ఎకరాల ఆయకట్టులో సార్వాకు రెండు లక్షలు వసూలైతే లక్ష నీటి సంఘానికి, 20 వేలు పంచాయతీకి తిరిగి రావాలి. పెంచిన రేటును అప్పట్లో రైతు ఒప్పుకున్నది ఈ మాట మీదే.

ఎంత వసూలైంది, ఎంత తిరిగొచ్చింది అన్న లెక్క పంచాయతీ గోడ మీద అంటించగా చూసినవాళ్లు మనలో ఎందరు? కాలువ బాగుపడలేదని కొందరు తీరువా ఆపుతున్నారు. వసూలు కాలేదని పని ఆపుతున్నారు. ఈ రెండింటి మధ్య నలిగేది ఎక్కువగా కౌలు రైతే. తీరువా భూయజమాని పేరున ఉన్నా మునిగేది అతని పెట్టుబడి.

తీరువా ఎగ్గొట్టమని సంఘం చెప్పదు. అలాగని మొత్తం వసూలైనా అన్నీ బాగుపడతాయనీ చెప్పదు. పొక్లెయిన్ అద్దె తెలిసినవారికి లక్షతో ఎంత పూడిక తీయవచ్చో తెలుసు. పంట బోదెలు మన వాటాతో చేసుకోవచ్చు. మొగలు తవ్వడం, స్లూయిజ్‌ల మరమ్మతు రాష్ట్ర ఖజానా చేయాల్సిన పని. అదీ కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లోనే. నీళ్లు వదిలాక మంజూరైన పని బిల్లుకే పనికొస్తుంది.

2024 డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి కాబట్టి అడగడానికి ఇప్పుడు మనిషి ఉన్నాడు. మన సభ్యులు ప్రతి ఊళ్లో మూడు ఫసలీల డిమాండు, వసూలు, తిరిగొచ్చిన వాటా లెక్కలు రాతపూర్వకంగా కోరాలి. జమాబందీ నాడు వాటిని ఊరందరి ముందు చదివించాలి. వచ్చిన జవాబులు సంఘం కార్యాలయానికి పంపండి, ఊరి పేరుతో సహా ఇక్కడే అచ్చు వేస్తాం.