ధాన్యం డబ్బులు జూన్ దాకా ఎక్కడ ఉంచాలి?

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక చేసుకుని చదవండి.

ధాన్యం డబ్బులు అకౌంట్లలో పడ్డాయి. 2025-26 సీజన్‌కి సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. అంటే మన 80 కేజీల బస్తాకి 1,895. వంద బస్తాలు తోలినవాడికి లక్షా 89 వేలు. కోత మిషను, కూలీలు, ఎరువుల షాపు బాకీ పోగా మిగిలింది మన డబ్బే అనుకుంటాం. కానీ అందులో చాలా భాగం వచ్చే ఖరీఫ్‌ది. జూన్‌లో దుక్కి, విత్తనాలు. గొట్టా బ్యారేజీ నుంచి కాలవకి నీరొచ్చాక దమ్ము, ఉభాలు. ఆ వెనకే యూరియా. ఈ డబ్బుకి తేదీ ఉంది. తేదీ ఉన్న డబ్బు దగ్గర మొదటి ప్రశ్న "వడ్డీ ఎంతొస్తాది" కాదు, "ఆ రోజుకి నా చేతికొస్తాదా" అన్నదే. నేను చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే.

శివరాత్రి జాతర ముందు మన ఊళ్లలో ఒక బేరం తిరుగుతుంటాది. "లక్ష ఇవ్వు బావా, రెండు రూపాయల వడ్డీ, ఉభాల నాటికి ఇచ్చేస్తాను." లెక్క కడదాం. నెలకి రెండు వేలు, అయిదు నెలలకి పది వేలు. అదే లక్ష బ్యాంకులో అయిదు శాతానికి డిపాజిట్ చేస్తే అయిదు నెలలకి సుమారు రెండు వేలు. తేడా ఎనిమిది వేలు. ఆ ఎనిమిది వేల కోసం లక్ష పందెం కాస్తున్నాం. బ్యాంకు అప్పు దొరికినవాడు మన దగ్గర 24 శాతానికి ఎందుకు తీసుకుంటాడు? దొరకలేదు కాబట్టే వచ్చాడు. మనిషి మంచివాడే కావచ్చు. కానీ వాడి పంట, వాడి వ్యాపారం దెబ్బతింటే జూన్‌లో మన పొలం బీడు పడతాది. చుట్టరికమూ పోతాది.

కంపెనీ బోర్డు కట్టుకుని వచ్చినా కథ ఇదే. అగ్రిగోల్డ్‌ని మన ఉత్తరాంధ్రలో మర్చిపోయినవాళ్లు ఉండరు. దాదాపు 32 లక్షల మంది కట్టిన డబ్బు, ఆరు వేల కోట్లకి పైమాటే. కట్టించుకున్న ఏజెంట్లు మన ఊరివాళ్లే, మన చుట్టాలే. 2015 నాటికి కంపెనీ చెల్లింపులు ఆగిపోయి, వ్యవహారం కోర్టుకెక్కింది. పదివేల లోపు కట్టినవాళ్లకి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది 2019లో. ఇరవై వేల లోపు వాళ్లకి 2021లో. అంటే చిన్న మొత్తానికే నాలుగేళ్లు, ఆరేళ్లు పట్టింది. ఎదలకి, ఉభాలకి అన్నేళ్లు ఆగే డబ్బు మన దగ్గర ఉందా?

మరి ఎక్కడ ఉంచాలి? నా వరస ఇది.

మొదటిది, అప్పు తీర్చడం. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన చేబదులు ఉంటే ముందు అది కట్టేయండి. 24 శాతం మిగిల్చినట్టే. మిగిలిన వడ్డీ మీద పన్ను కూడా లేదు. అంత గ్యారంటీగా అంత రాబడి ఇచ్చే పథకం ఇంకెక్కడా లేదు. తర్వాత బంగారం మీద తెచ్చింది.

రెండోది, కిసాన్ క్రెడిట్ కార్డు. మూడు లక్షల దాకా పంట అప్పు ఏడు శాతానికి ఇస్తారు. గడువులోపు కడితే మూడు శాతం రాయితీ, అంటే నాలుగు శాతమే పడతాది. గడువు దాటితే ఆ మూడు శాతం పోయినట్టే. లక్షకి ఏడాదికి మూడు వేలు. కాబట్టి మీ గడువు మార్చిలో ఉందో మేలో ఉందో బ్యాంకుకి వెళ్లి కాగితం మీద రాయించుకోండి. గడువు దగ్గర్లో ఉంటే ధాన్యం డబ్బులో మొదటి వాటా దానికే. కార్డు చెల్లుబాటులో ఉంటే కట్టిన డబ్బు జూన్‌లో లిమిట్‌లోపల మళ్లీ తీసుకోవచ్చు. మళ్లీ ఎప్పటి నుంచి తీయొచ్చో కట్టే రోజే అడగండి.

మూడోది, ఎప్పుడు కావాలో తెలీని డబ్బు. ఆస్పత్రికి, పిల్లల ఫీజుకి రెండు నెలల ఖర్చు సేవింగ్స్‌లోనే ఉంచాలి. స్టేట్ బ్యాంకు సేవింగ్స్‌కి ఇప్పుడు రెండున్నర శాతం. పోస్టాఫీసు సేవింగ్స్‌కి నాలుగు. పోస్టాఫీసులో పదో తారీఖు నుంచి నెలాఖరు మధ్య ఉన్న కనీస నిల్వ మీద వడ్డీ లెక్కేస్తారు. అందుకని వేసేది పదో తారీఖు లోపల వేయండి.

నాలుగోది, జూన్ డబ్బు. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఏడు రోజుల నుంచీ ఉంటాది. ఏడాదికే వేయాలని ఎక్కడా లేదు. మొత్తం ఒకే బాండు వేయకండి. మూడు ముక్కలు చేయండి: ఒకటి మే నెలాఖరుకి, ఒకటి ఉభాలకి, ఒకటి ఎరువుకి. మధ్యలో అవసరం వస్తే ఒక్కటే విరుస్తాం, మిగతా రెండూ వడ్డీతో ఉంటాయి. పోస్టాఫీసు ఏడాది డిపాజిట్‌కి 6.9 శాతం ఉంది కదా అని జూన్ డబ్బు అందులో వేయకండి. ఆరు నెలల లోపు అది తీయనివ్వరు. ఆరు నెలలు దాటి ఏడాదిలోపు తీస్తే సేవింగ్స్ వడ్డీయే ఇస్తారు.

ఇక భద్రత. 2020 ఫిబ్రవరి 4 నుంచి ఒక బ్యాంకులో ఒక మనిషికి, అసలు వడ్డీ కలిపి, అయిదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. జిల్లా సహకార బ్యాంకుకీ, గ్రామీణ బ్యాంకుకీ కూడా ఉంది. కానీ ఊళ్లో ప్రాథమిక సహకార సంఘంలో వేసిన డిపాజిట్‌కి ఈ బీమా లేదు. ఇంకో సంగతి. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. రెండింట్లో వేర్వేరుగా దాచుకున్నవాళ్లకి ఇప్పుడు అది ఒకే బ్యాంకు, ఒకే అయిదు లక్షలు. పోస్టాఫీసు డబ్బుకి కేంద్ర ప్రభుత్వమే పూచీ.

పన్ను సంగతి. పంట ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. కానీ ఆ పంట డబ్బు బ్యాంకులో తెచ్చిన వడ్డీ పంట ఆదాయం కాదు, అది పన్ను లెక్కలోకి వస్తాది. భయపడాల్సిన పని లేదు. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో డిపాజిట్ వడ్డీ ఏడాదికి 50 వేలు దాటితేనే పది శాతం కోస్తారు. అరవై దాటినవాళ్లకి లక్ష దాటితే. ఆరు శాతం చొప్పున 50 వేల వడ్డీ రావాలంటే ఎనిమిది లక్షల పైన ఏడాదంతా ఉండాలి. పాన్ ఇవ్వకపోతే మాత్రం కోత ఇరవై శాతం. కాబట్టి పాన్ తప్పక ఇవ్వండి. వడ్డీ ఎక్కువ వచ్చేవాళ్లు, పన్ను కట్టే పని లేనివాళ్లయితే, ఆ మేరకు బ్యాంకులో డిక్లరేషన్ ఫారం ఇస్తే కోయరు. పన్ను తప్పించుకోడానికి భార్య పేరున వేస్తే లాభం లేదు, మీరిచ్చిన డబ్బు మీద వడ్డీ మీ లెక్కలోనే కలుపుతారు. ఆమె సొంత పొలం డబ్బు, సొంత సంపాదన అయితే అది ఆమెదే.

ఈ వరసలో ఎవరికీ పెద్ద లాభం రాదు. లక్షకి రెండు వేలో, మూడు వేలో. అది తక్కువే. కానీ మన లాభం పొలంలో రావాలి, డబ్బు దాచే చోట కాదు. వానొచ్చిన రోజు విత్తనం కొట్టు ముందు ఇంకొకడి ఫోన్ కోసం ఎదురుచూడకుండా డబ్బు తీసిచ్చే రైతే పంట అదునులో వేస్తాడు. జాతర ఖర్చు మొదలవక ముందే బ్యాంకుకి వెళ్లి ఆ మూడు బాండ్లు వేసేయండి.