పరిశోధకులు – బోధనాభ్యాసము

సిద్ధాంతవ్యాసము వ్రాసి డాక్టరు పట్టము పొందినంతమాత్రమున నొకడు అధ్యాపకుడు కాజాలడు. ఏండ్లకొలది గ్రంథాలయమున నొంటిగా కూర్చుండినవానిని ఒక్కసారిగా నిండు తరగతి యెదుట నిలువబెట్టుచున్నాము. అతడు తడబడిన నది యాతని తప్పా?

యు.జి.సి. వారు 2022 నియమావళిలో పరిశోధకులందరును బోధనమునందును రచనయందును శిక్షణ పొందవలయునని విధించిరి. వారమునకు 4 మొదలు 6 గంటల వరకు తరగతిపని యొప్పగింపవచ్చుననియు చెప్పిరి. చిక్కంతయు నీ "వచ్చును"లోనే యున్నది. "వలయును" కానిది మన కార్యాలయములలో నెంతకాలము నిద్రించునో పాఠకు లెరుగుదురు.

పాతబస్తీలో మూసీ దక్షిణతీరమున ఉస్మానియాకు అనుబంధమైన సిటీ కళాశాల యున్నది. పరిశోధకులు వారమునకు రెండు దినములు నది దాటి వచ్చి యచట చర్చాతరగతులు నడపిన నేమి? సాలార్‌జంగు ప్రదర్శనశాలలోని వ్రాతప్రతులును ఆ దరినే యున్నవి. చరిత్ర పరిశోధకునకు రెండు పనులును నొక్క ప్రయాణముతో తీరును. ఉర్దూలోనో తెలుగులోనో చదివి వచ్చిన విద్యార్థి "అర్థము కాలేద"న్నచో, పరిశోధకుడు తన విషయమును మరల నేర్వవలసివచ్చును. 1918లో ఉర్దూ బోధనాభాషగా వెలసిన ఉస్మానియా కొరకు అనువాదశాఖవారు పడిన శ్రమ యిట్టిదే గదా! శాస్త్రమును విద్యార్థి భాషలోనికి దించుటకు వారు మాటమాటకు వెదకులాడిరి.

ఖాళీ పడిన యుద్యోగములకు పరిశోధకులను చౌకకూలీలుగా వాడుకొనుటకు మాత్రము మేము సమ్మతింపము. పనికి వేతన మీయవలయును. అనుభవజ్ఞుడైన యధ్యాపకుడు వెనుకబల్లపై కూర్చుండి విని, పిదప లోపములు చెప్పవలయును. రానున్న విద్యాసంవత్సరమునకు ముందే ఉస్మానియా అధికారులు ఆ "వచ్చును"ను "వలయును"గా దిద్దుదురా?