ఆన్‌లైన్ అంగడిలో ఖాతా ఆగితే కాగితమే అండ

అనకాపల్లి: బెల్లం మార్కెట్లో దిమ్మ రంగు మీదో, తూకం మీదో తగవు వస్తే రైతు, వర్తకుడు, కొలగారు ఎదురెదురుగా నిలబడి తేల్చుకుంటారు. అక్కడ తేలకపోతే మార్కెట్ కమిటీ గడప తొక్కవచ్చు. కాని అదే బెల్లాన్ని, ఏటికొప్పాక లక్కబొమ్మలను సెల్‌ఫోన్ ద్వారా దేశమంతటా అమ్ముకునే వారికి ఆ వసతి లేదు. ఒకనాటి ఉదయం ఫోను తెరిచేసరికి ఖాతా నిలిపివేసినట్లు నాలుగు ముక్కలు కనిపిస్తాయి. అమ్మకాలు ఆగిపోతాయి. రావలసిన సొమ్ము, కంపెనీ గోదాములో ఉన్న సరుకు కూడా చిక్కుకుపోవచ్చు. ఎవరిని అడగాలో తెలియదు.

ఇలాంటి సమయంలో చిన్న అమ్మకందారును ఆదుకునేది పలుకుబడి కాదు, ముందుగా భద్రపరచుకున్న కాగితాలే.

ఒప్పందంలో ఏముంది?

ఖాతా తెరిచేటప్పుడు 'అంగీకరిస్తున్నాను' అన్న చోట వేలు పెట్టడం సంతకం చేయడంతో సమానం. నిబంధన మీరినట్లు అనుమానం వచ్చినా ఖాతాను ఆపవచ్చని, కొనుగోలుదారులకు తిరిగి చెల్లించవలసి రావచ్చన్న కారణంపై సొమ్మును కొంతకాలం పట్టి ఉంచవచ్చని ఈ ఒప్పందాలలో సాధారణంగా రాసి ఉంటుంది. కనుక ఒప్పందం ప్రతిని మొదటి రోజునే దాచుకుని, ఖాతా నిలుపుదల, సొమ్ము చెల్లింపు, తగవుల పరిష్కారం అన్న మూడు భాగాలనైనా తెలిసిన వారిచేత చదివించుకోవడం అవసరం.

బొమ్మలకు వచ్చిన చిక్కు

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చేసే లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ తరువాత కేంద్ర ప్రభుత్వం పిల్లల బొమ్మలన్నింటికీ ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేసింది. 2020లో వెలువడిన ఈ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. గుర్తు లేని బొమ్మలు అమ్ముతున్నారంటూ 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్ కంపెనీలకు నోటీసులు ఇచ్చింది. కంపెనీపై ఒత్తిడి వస్తే దాని బరువు చివరకు అమ్మకందారు మీదనే పడుతుంది.

అయితే చేతివృత్తుల వారికి 2020 డిసెంబరులోనే మినహాయింపు లభించింది. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు స్వయంగా తయారుచేసి అమ్మే బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు అక్కరలేదు. భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు విషయంలో, ఆ గుర్తింపు హక్కుదారుకు, అధీకృత వినియోగదారులుగా నమోదైన వారికి కూడా ఈ మినహాయింపు వర్తిస్తుంది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. మినహాయింపు ఊరి పేరును బట్టి రాదు, నమోదును బట్టి వస్తుంది. కళాకారుల నుంచి బొమ్మలు కొని తన ఖాతాలో అమ్మే వర్తకుడు తనకూ అది దానంతట అదే వర్తిస్తుందని అనుకోరాదు. కళాకారుడైతే గుర్తింపు కార్డు, నమోదు పత్రం సిద్ధంగా ఉంచుకుని, బొమ్మను అమ్మకానికి పెట్టేనాడే కంపెనీకి పంపడం మేలు.

బెల్లం సంగతి

బెల్లం ఆహార పదార్థం కనుక ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ఉండాలి. పొట్లం మీద ఆ నంబరుతో పాటు నికర తూకం, తయారైన తేదీ, తయారీదారు చిరునామా ముద్రించాలి. రసాయనం వేయని బెల్లం నల్లగా ఉంటుంది. వానాకాలంలో చెమ్మగిల్లి మెత్తబడుతుంది. ఇది అనకాపల్లి వారికి తెలుసు గాని, దూరాన పొట్లం విప్పిన వారికి తెలియదు. 'చూపినది ఒకటి, పంపినది ఒకటి' అని ఫిర్యాదు చేస్తారు. అలాంటి ఫిర్యాదులు పేరుకుంటే ఖాతాకే ముప్పు. అసలు రంగు తెలిసేలా ఫొటో పెట్టి, సరుకు గుణాన్ని మాటల్లో రాయడం వల్ల సగం తగవులు తప్పుతాయి.

జవాబు ఎలా రాయాలి?

నోటీసు రాగానే చూడవలసినవి రెండు: చెప్పిన కారణం ఏమిటి, జవాబుకు ఇచ్చిన గడువు ఎంత. ఆ కారణానికే జవాబు రాయాలి. పొరపాటు ఎక్కడ జరిగింది, ఇప్పుడు ఏమి సరిదిద్దారు, ఇకపై జరగకుండా ఏమి ఏర్పాటు చేశారు అన్న మూడు అంశాలు క్లుప్తంగా ఉండాలి. పొరపాటు లేకపోతే లేదని రాసి రుజువులు జతచేయాలి. సరుకు కొన్న బిల్లులు, లైసెన్సు ప్రతులు, పార్సిల్ రసీదులు ఇందుకు పనికివస్తాయి. పాన్ కార్డు, జి.ఎస్.టి., బ్యాంకు పుస్తకాలలో పేరు, చిరునామా ఒకే తీరుగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

పాత ఖాతా ఆగిందని భార్య పేరునో, తమ్ముడి పేరునో కొత్తది తెరిస్తే రెండూ పోయే ప్రమాదం ఉంది. ఖాతా తెరిపిస్తామని డబ్బు, రహస్య సంఖ్యలు అడిగే దళారులను నమ్మరాదు. ఖాతా మూతబడితే లెక్కలు కూడా కనిపించకపోవచ్చు కనుక, నెలనెలా వాటి ప్రతులు తీసి ఉంచుకోవాలి. జి.ఎస్.టి. నమోదు ఉన్నవారి అమ్మకాలపై కంపెనీ పట్టుకునే పన్ను వివరాలు ప్రభుత్వ పోర్టల్‌లో ఉంటాయి. సొమ్ము రాబట్టుకునే వేళ అవి కూడా సాక్ష్యమే.

కంపెనీ వినకపోతే?

2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. కాని ఈ హక్కు కొనుగోలుదారులకు ఉద్దేశించినది. స్వయం ఉపాధితో బతుకు వెళ్లదీసే అమ్మకందారు తానూ కంపెనీ సేవలకు వినియోగదారునేనని 2019 చట్టం కింద వాదించే వీలుంది గాని, దానిని రుజువు చేసుకోవలసి ఉంటుంది.

చాలా ఒప్పందాలు తగవును మధ్యవర్తికి అప్పగిస్తాయి. తగవుతో ప్రయోజనం ముడిపడి ఉన్న పక్షం తానే ఏకైక మధ్యవర్తిని నియమించజాలదని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఇతర పేదలకు ఆదాయ పరిమితిని బట్టి ఇస్తారు. న్యాయ సేవా సంస్థ ఫోను నంబరు 15100.

చట్టంలో లోటు

ఐరోపా దేశాలలో 2020 జులై 12 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, ఖాతాను ఆపితే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. పూర్తిగా మూసివేయాలంటే, కొన్ని మినహాయింపులు పోగా, 30 రోజుల ముందు తెలపాలి. మన నియమాలలో అమ్మకందారుకు ఇంతటి రక్షణ కల్పించలేదు. అమ్మకందారు కష్టానికీ విలువ ఉంది కనుక కేంద్రం ఈ లోటును పూడ్చవలసి ఉంది.

అందాకా జిల్లా పరిశ్రమల కేంద్రం, హస్తకళల అధికారులు ఏటికొప్పాకలో శిబిరం పెట్టి నమోదు కాని కళాకారులను నమోదు చేయించగలిగితే ఎంతో మేలు జరుగుతుంది. అమ్మకందారులు కూడా బతుకుతెరువంతా ఒకే కంపెనీ చేతిలో పెట్టకుండా, రెండు మూడు చోట్ల అమ్ముకుంటూ, సొంత ఖాతాదారుల చిరునామాలు దగ్గర పెట్టుకోవడం శ్రేయస్కరం.