ముందేది, వెనుకేది?

మా ఇంట్లో ఏటేటా ఉగాదికి ముందు ఒక కాగితం తయారవుతుంది. గోడలకు సున్నం కొట్టించాలి, మిద్దె కారుతున్నది బాగుచేయించాలి, పెరటి గోడ ఒరిగింది నిలబెట్టాలి, వీధి తలుపుకు రంగు వేయించాలి, హాల్లోకి కొత్త సోఫా కొనాలి. ఇట్లా ఒక పదిహేను పద్దులు ఉంటాయి. చేతిలో డబ్బు చూడబోతే నాలుగింటికి సరిపోతుంది. నేను కలం తీసి సోఫాను మొదటి వరుసకు చేరుస్తాను. వచ్చేపోయే వాళ్ళ కంట పడేది సోఫాయే గదా! మా ఆవిడ ఆ కాగితం నా చేతిలోంచి లాక్కుని కిందినుంచి పైకి చదువుతుంది.

"ఏమండీ, సోఫా లేకపోతే చాప మీద కూర్చుంటారు. మిద్దె కారితే ఆ చాప ఎక్కడ పరుస్తారు?" అంటుంది. అంతటితో మా ఇంటి వార్షిక ప్రణాళిక ఖాయమైపోతుంది.

ఇంటి సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, జిల్లాకు కూడా ఇటువంటి కాగితమే ఒకటి ఉంటుంది. రోడ్లు, వంతెనలు, రైలుమార్గాలు, బస్‌స్టాండ్లు అన్నీ అందులో వరుసగా ఉంటాయి. కావలసినవి కొండంత, డబ్బు గోరంత. కాకపోతే ఆ కాగితాన్ని కిందినుంచి పైకి చదివే ఇల్లాలు జిల్లాకు లేదు. అదే చిక్కు.

ఇది ఈనాటి చిక్కు కాదు లెండి. 1943లో దేశంలోని చీఫ్ ఇంజనీర్లు నాగపూరులో సమావేశమై 20 ఏళ్ళకు సరిపడే రోడ్ల ప్రణాళిక ఒకటి వేశారు. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, పెద్ద జిల్లా రోడ్లు, చిన్న జిల్లా రోడ్లు, గ్రామాల రోడ్లు అని మనం ఈనాటికీ చెప్పుకునే తరగతులు ఆ నాగపూరు పుణ్యమే. సేద్యం బాగా సాగే ప్రాంతంలో ఏ పల్లె కూడా పెద్ద రోడ్డుకు 5 మైళ్ళకు మించిన దూరంలో ఉండరాదన్నది వారి ఆశయం. ఆశయం గొప్పది. అయితే ఏ పల్లెకు ముందు, ఏ పల్లెకు వెనుక అన్న ప్రశ్న దగ్గరనే ఎవరికైనా కలం ఆగుతుంది.

మా చిత్తూరు, తిరుపతి ప్రాంతాల కాగితం మరీ బరువైనది. ఇక్కడి రోడ్ల మీద మేము మాత్రమే నడవము, దేశమంతా నడుస్తుంది. తిరుమల కొండకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రెండవది రావడానికి 1974 దాకా పట్టింది. ముప్ఫై ఏళ్ళపాటు ఎక్కే బండికీ దిగే బండికీ అదే దారి. ఇప్పుడు ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి ఉన్నవి గనుకనే రోజుకు అరవై డెబ్బై వేలమంది వచ్చినా కొండ తట్టుకుంటున్నది. కింద తిరుపతిలో బస్సులూ కార్లూ చిక్కుపడి ఊరి జనానికి ఊపిరాడక, దాదాపు 7 కిలోమీటర్ల శ్రీనివాస సేతు కట్టి 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. కుప్పం వైపు చూస్తే బెంగుళూరు నుంచి చెన్నైకి తలపెట్టిన ఎక్స్‌ప్రెస్ రహదారి మన పలమనేరు, బంగారుపాళెం ప్రాంతాల మీదుగానే పోవాలి. ఇవన్నీ పెద్ద పద్దులు. ఇవి వద్దనేవాడు వెర్రివాడు.

ఇటువంటి పెద్ద పద్దు ఒకదానికి నేనూ కొంత ఊడిగం చేశాను. తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడికి పోయే రైలుమార్గం ఒంటి పట్టా. మా అమ్మాయి కాపురం తిరుపతిలో. మనుమణ్ణి చూడబోయి తిరిగి వచ్చేటప్పుడల్లా ఎదురు బండి కోసం పాకాలలో కూర్చుని వేరుశనగలు ఒలుచుకోవడం నాకు అలవాటైపోయింది. 2019లో మా వీధి పెద్దలం పదిమందిమీ చేరి, జిల్లాకు కావలసిన పనులు ఇవీ అని ఒక అర్జీ రాయడానికి పూనుకున్నాము. అక్షరాలు గుండ్రంగా ఉంటాయని కలం నా చేతికిచ్చారు. మొదటి పద్దు రెండవ రైలుపట్టా. రాసింది నేను, దాన్ని మొదట పెట్టిందీ నేనే.

ఆ మాట ఎట్లా తెలిసిందో, పాకాల చుట్టుపక్కల పల్లెలో ఉండే మా మేనత్త కబురు పెట్టింది. "ఆ కాగితంలో మా వంక మీది చప్టా మాట కూడా ఒక ముక్క రాయి నైనా" అని. ఆ పల్లెకు తారు రోడ్డు ఉన్నది. మధ్యలో వంక, వంక మీద చప్టా. వాన గట్టిగా కురిస్తే చప్టా మీద నడుములోతు నీళ్ళు పోతాయి. సరేనన్నాను. పదకొండవ పద్దుగా రాశాను కూడా. శుద్ధప్రతి తీసేటప్పుడు చూస్తే పది పద్దులకే కాగితం నిండిపోయింది. మరొక కాగితం జతచేస్తే చదివేవారికి విసుగు అన్నారు ఎవరో. నేనూ తల ఊపాను.

2021 నవంబరు వానలు ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. తిరుపతి వీధులు ఏరులయినవి, స్వర్ణముఖి పొంగింది. శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని 2022 మే దాకా మూతపడింది. ఘాట్ రోడ్డు మీదికి బండరాళ్ళు దొర్లిపడినవి. ఇవి పత్రికల్లో వచ్చిన సంగతులు. పత్రికలకు ఎక్కనిది ఒకటి చెబుతాను. మా మేనత్త భర్త, మా మామ, అప్పటికి ఏడాదిగా వారానికి రెండుమార్లు తిరుపతికి పోయి డయాలిసిస్ చేయించుకుంటున్నాడు. ఆ వారం చప్టా మీద మూడురోజులు వంక దిగలేదు. పల్లెలో పాలు పితికిన వాళ్ళు పాలను కాచి తోడుపెట్టారు, తోడుపెట్టగా మిగిలినవి పారబోశారు. పాలకు నష్టమే గాని ప్రాణం లేదు. మా మామకు ఒక విడత నాగా పడింది. మూడవనాడు ట్రాక్టరు మీద మంచం కట్టి ఆయన్ను దాటించారు. కాళ్ళూ ముఖమూ వాచిపోయి ఉన్నవి.

మరుసటి ఏడు ఆయన పోయాడు. ఆ ఒక్క నాగా వల్లనే అని డాక్టర్లు అనలేదు, మా అత్తా అనలేదు. నేనూ అనను. కాని ఆ పదకొండవ పద్దు మాత్రం నన్ను వదలలేదు.

అప్పటినుంచి రోడ్ల వరుసలు ఎట్లా కడతారో తెలుసుకోవాలని బుద్ధి పుట్టింది. చదివితే తెలిసింది ఇది. పల్లెలకు రోడ్లు వేయడానికి 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. అందులో వరుస కట్టేది తలలు లెక్కపెట్టి. మైదాన ప్రాంతంలో వెయ్యిమంది దాటిన పల్లెలకు ముందు, ఐదువందలు దాటిన వాటికి తరువాత. 500 మీటర్ల లోపల ఉన్న చిన్న పల్లెలను కలిపి ఒకటిగా లెక్కించవచ్చు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. తలలు లెక్కపెట్టినంత కాలం ఫలానా వాడి బావమరిది ఊరికి రోడ్డు ముందు పడిందన్న నింద రాదు. 2019లో మొదలైన మూడవ విడతలో మరొక మెట్టు ఎక్కారు. ఆ దారి సంతకు పోతుందా, ఉన్నత పాఠశాలకు పోతుందా, ఆసుపత్రికి పోతుందా అని చూసి మార్కులు వేయడం మొదలుపెట్టారు. సంతోషమే.

కాని ఆ నిబంధనల్లో ఒక మాట దగ్గర నా కన్ను ఆగిపోయింది. అన్ని కాలాలలోనూ నడవగలిగిన దారి ఉంటేనే ఆ పల్లెకు రోడ్డు ఉన్నట్టు లెక్క. అయితే అప్పుడప్పుడు కొద్దిసేపు రాకపోకలు ఆగితే ఫరవాలేదట! ఇంజనీరు దృష్టిలో అది న్యాయమే. ప్రతి వంకకూ ఎత్తయిన వంతెన కట్టాలంటే కుబేరుడి వల్ల కూడా కాదు. కాని ఆ కొద్దిసేపు ఎవరికి కొద్దిసేపు? నాకు పాకాలలో ముప్పావుగంట వేరుశనగల కాలక్షేపం. మా మామకు మూడురోజులు. కాగితం మీద మా అత్త పల్లెకు రోడ్డు ఉన్నది, కనుక లేనివారి వరుసలో అది రాదు. మూడువందలమందైనా లేరు, కనుక పెద్ద ఊళ్ళ వరుసలోనూ రాదు. పైగా 2022 ఏప్రిల్ 4న పాత చిత్తూరు జిల్లా విడిపోయి తిరుపతి వేరే జిల్లా అయ్యేసరికి, ఏ జిల్లా గడప తొక్కాలో ఆ పల్లెవాళ్ళకు కొంతకాలం తెలియలేదు.

దూరదేశం సంగతి ఒకటి. అమెరికాలో 1991 నాటి చట్టం ప్రకారం నగర ప్రాంతాల రవాణా ప్రణాళిక కనీసం 20 ఏళ్ళ ముందుచూపుతో వేయాలి. అంతకంటె ముఖ్యమైన షరతు, రాగలదని నమ్మకంగా చెప్పగలిగిన డబ్బుకు లోబడిన పనులే అందులో ఉండాలి. కోరికలన్నీ గుదిగుచ్చి అదే ప్రణాళిక అంటే ఒప్పుకోరు. ఇది చదివి మా ఆవిడకు వినిపిస్తే, "నేను ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నది అదే గదండీ, దానికి చట్టం కూడానా?" అన్నది.

ఆవిడ పద్ధతిలో ఇంకొక గుట్టు ఉన్నది. నెల జీతం చేతికి రాగానే ఆవిడ కొంచెం తీసి పోపులడబ్బాలో వేస్తుంది. ఆ డబ్బు సోఫాతో పోటీపడదు, మిద్దెతోనూ పోటీపడదు. అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే బయటకు తీసే డబ్బు అది. జిల్లా కాగితానికి కావలసింది ఇదే అని నాకు తోస్తున్నది. చప్టా రైలుపట్టాతో పోటీపడి ఏనాటికీ గెలవలేదు. లక్షలమంది తిరిగే దారి పక్కన మూడువందలమంది దారిని పెట్టి తూకం వేస్తే ముల్లు ఎటు మొగ్గుతుందో పసివాడు కూడా చెప్పగలడు. అందుచేత తూకానికి ముందే కొంత తీసి వేరుగా పెట్టాలి. ఆ వేరు సొమ్ముకు తలల లెక్క వద్దు. మూడే ప్రశ్నలు చాలు. ఈ పని ఈ ఏడు చేయకపోతే ఏమవుతుంది? వాళ్ళకు వేరే దారి ఉన్నదా? కట్టిన తరువాత బాగోగులు చూసేదెవరు? ఈ మూడవ ప్రశ్నను చిన్నచూపు చూడకండి. సడక్ యోజన రోడ్లను మొదటి ఐదేళ్ళు వేసిన కంట్రాక్టరే చూసుకోవాలి. ఆరవ ఏట పడిన గుంతకు కూడా ఎవరో ఒకరు తండ్రి కావాలి గదా!

మరొక్క మాట. ఆ వరుస ఏదో ఊరి చావడి గోడ మీద రాసి పెట్టాలి. మధ్యలో ఒకటి పైకి పోతే ఎందుకు పోయిందో పక్కనే ఒక ముక్క రాయాలి. మా శుద్ధప్రతిలో పదకొండవ పద్దు జారిపోయిందంటే, జారినట్టు ఎవరికీ తెలియకపోవడం వల్లనే గదా.

2025 ఏప్రిల్ 9న కేంద్ర మంత్రివర్గం తిరుపతి, పాకాల, కాట్పాడి మార్గానికి రెండవ పట్టా మంజూరు చేసింది. 104 కిలోమీటర్లు, 1332 కోట్లు. కిలోమీటరుకు పన్నెండు కోట్ల పైచిలుకన్నమాట. నాకు కలిగిన సంతోషం అబద్ధం కాదు. మిఠాయి పొట్లం కట్టించుకుని మా మేనత్త దగ్గరకు పోయాను. ఆమె ఒక ముక్క నోట్లో వేసుకుని, "నువ్వు అడిగిన రైలు వస్తాదంట గదా నైనా, బాగుండాది. అది మా వంక మీదుగా పోతాదా?" అన్నది. ఎత్తిపొడుపు కాదు సుమండీ. ఆమె నిజంగానే అడిగింది. నాకు మాత్రం మిఠాయి గొంతు దిగలేదు.

ఇంటికి వచ్చి కొత్త కాగితం తీశాను. ఈసారి అర్జీలో ఒకటే పద్దు. అక్షరాలు ఇదివరకటంత గుండ్రంగా రాలేదు. మా ఆవిడ చదివి, కింద తన సంతకం కూడా చేసింది.

మీ ఊళ్ళో కూడా ఇటువంటి కాగితం ఎక్కడో ఒకచోట ఉండే ఉంటుంది. దొరికితే ఒక్కసారి కిందినుంచి పైకి చదవండి.