పసరు సంగతి డాక్టరుకు చెప్పాలి, చెప్పినోళ్లను తిట్టొద్దు



మా గూడేల్లో ఎవరికైనా క్యాన్సర్ అని తేలితే రెండు వైద్యాలు నడుస్తాయి. విశాఖలో కీమో, ఇంటికొచ్చాక ఆకు పసరు. పసరు సంగతి మాత్రం ఆసుపత్రిలో ఎవరూ చెప్పరు. తిడతారని భయం.

ఆకు మీద మా పెద్దోళ్ల నమ్మకం ఊరికే రాలేదు. బిళ్ళగన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందులు తీశారు. పిల్లల రక్త క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ ఇప్పటికీ వాడతారు. కానీ అది కొలిచి, రక్త పరీక్షలు చూసి ఎక్కించే మందు. అదే ఆకు నూరి తాగితే విషం. కొన్ని పసర్లు, పొడులు కాలేయాన్ని దెబ్బతీస్తాయి, కీమో మందుకు అడ్డుపడతాయి.

అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2018లో జామా ఆంకాలజీ పత్రికలో వచ్చింది. ఆసుపత్రి వైద్యంతోపాటు వేరే వైద్యం చేసుకున్నవాళ్లలో చావు ముప్పు రెండింతలు కనిపించింది. ఎందుకంటే వాళ్లు ఆపరేషనో, కీమోనో, రేడియేషనో వద్దనడం మిగతావాళ్లకంటే ఎక్కువ. అసలు ప్రమాదం అక్కడుంది.

పూజ చేసుకోనీ, వికారానికి అల్లం వాడనీ, డాక్టరుకు చెప్పి చేసుకోవచ్చు. కీమో తేదీ మాత్రం తప్పకూడదు.

మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. ఓపీ చీటీ చదవగలిగేదీ మేమే. కాబట్టి పెద్దోళ్ల వెంట మేమే పోవాలి. వాళ్లు ఏ ఆకు, ఏ వేరు వాడుతున్నారో కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో అడిగి డాక్టరుకు తెలుగులో చెప్పాలి. డాక్టర్లకు మా మనవి ఒక్కటే: తిట్టకుండా అడగండి, చెబుతారు.

జై ఆదివాసీ!